మొహం ఎటు పెట్టి వండాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడెవరో మగవాడే అయ్యుంటాడు. ఆడదైతే ముందు వంటిల్లు గీసి చూడు అని ఉండేది. మిగతా గదులకేం, కాయితం మీద నాలుగు గీతలు గీసి మధ్యలో పేరు రాస్తే అయిపోయె. పడకగదిలో మంచం ఎటు లాక్కున్నా నిద్ర పడుతుంది. హాల్లో కుర్చీలు ఇవాళ ఇటు, పండక్కి అటు. వంటిల్లలా కాదు. ఒక్కసారి గట్టు కట్టి బండ పరిచారంటే, ఆ బండ ఎటు తిరిగి ఉంటే మనమూ అటే తిరిగి పాతికేళ్ళు నిలబడాలి.

పెళ్ళయినప్పటినుంచీ ఆరు అద్దె ఇళ్ళు మారాం. ఆరు వంటిళ్ళూ ఆరు గోడలే. ఒకచోట మెట్ల కింద వంటిల్లు, నిటారుగా నిలబడితే నడినెత్తికి తగిలేది. ఇంకోచోట కడప బండల అలమర పొయ్యికి నెత్తిమీదే ఉండేది, డబ్బా తియ్యాలంటే పొయ్యి మీంచి వంగాలి. అవి వాళ్ళ ఇళ్ళు, మనం సర్దుకున్నాం. ఇప్పుడిది మనది కదా, మన ఇష్టం వచ్చినట్టు కట్టుకోవచ్చు గదా అని నా ఆశ.

రాజమండ్రి ఊరి చివర మాకు 150 గజాల స్థలం ఉంది. పడమర వాకిలి. మావారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు కొంత స్థలంగా మారింది, మిగతాది ఇప్పుడు ఇటుకలుగా మారుతోంది. ప్లాను గీసింది ఒక ఇంజనీరు కుర్రాడు. మర్యాదస్థుడే, పాపం. చెప్పులు బయట విడిచి వచ్చి, బల్ల మీద కాయితం పరిచి, "ఆంటీ, మీకు ఓపెన్ కిచెన్ ఇచ్చాను" అన్నాడు, వరం ప్రసాదించినట్టు. చూద్దును గదా, హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు! ఉండాల్సిన చోట చుక్కల గీత ఉంది.

వంటిల్లు ఆగ్నేయ మూల. తూర్పు పడమరలు 7 అడుగులు, ఉత్తర దక్షిణాలు 9 అడుగులు. తూర్పు మొహంగా వండాలి కనక పొయ్యి తూర్పు గోడకి. దానికెదురుగా కిటికీ, కిటికీ అవతల పెరడు. పడమటి వైపు గోడ తీసేసి హాల్లో కలిపేశాడు.

"మరీ చిన్నది కాదూ?" అన్నాను.

అతగాడు తడుముకోలేదు. ఇళ్ళ కట్టుబడికి దేశం మొత్తానికి నేషనల్ బిల్డింగ్ కోడ్ అని ఒక నిబంధనల పుస్తకం ఉందిట. భోజనానికి వేరే చోటుంటే వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు, వెడల్పు 1.8 మీటర్లు ఉండాలిట. వండిన చోటే తినేటట్టయితే 7.5 చదరపు మీటర్లుట. "మనది 5.8 ఉంది ఆంటీ" అన్నాడు. పాసు మార్కులు దాటామన్నమాట. "పైగా గోడ లేదు కాబట్టి చిన్నదని తెలియనే తెలియదు."

మావారికి గోడ ఖర్చు తగ్గిందని సంతోషం. మా అత్తయ్యగారు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, కాయితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలుపేదర్రా?" అన్నారు. "ఓపెన్ కిచెన్‌కి తలుపుండదు బామ్మగారూ" అన్నాడు కుర్రాడు నవ్వుతూ. ఆవిడ కళ్ళజోడు తీసేసి లోపలికి వెళ్ళిపోయారు. 86 ఏళ్ళ మనిషి.

ఓపెన్ కిచెన్ మాటెత్తితే చాలు, అందరూ పొగ గురించీ వాసన గురించీ మొదలుపెడతారు. మాట్లాడవలసిందే. ఎండుమిరపకాయలు వేగితే ఆ ఘాటుకి హాల్లో చుట్టాలు దగ్గుతారు. "చిమ్నీ పెట్టిస్తే సరి" అంటారు వాళ్ళే. చిమ్నీకీ ఒక లెక్కుంది. వంటింట్లో ఉన్న గాలి మొత్తం గంటకి కనీసం పదిసార్లయినా బయటికి పోవాలి. మా వంటిల్లు 63 చదరపు అడుగులు, ఎత్తు 10 అడుగులు, వెరసి 630 ఘనపుటడుగులు. పదిసార్లు తోడాలంటే గంటకి సుమారు 180 ఘనపు మీటర్లు లాగే చిమ్నీ చాలు. గోడ తీసేసి 300 చదరపు అడుగుల హాలు కలిపామా, ఆ 180 కాస్తా వెయ్యి దాటుతుంది. నమ్మకపోతే వేసి చూసుకోండి, నేను ఇంజనీరు దగ్గర కాలిక్యులేటరు పుచ్చుకుని మరీ వేశాను. అంటే ఆ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, కరెంటు లేకుండా, చప్పుడు చెయ్యకుండా, చిమ్నీ పనిలో ఆరింట అయిదు వంతులు తను చేసిపెడుతోందన్నమాట.

ఇంకోటి. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలాగా నేలమీద పరుచుకుంటుంది. నడుమ గోడా గడపా లేకపోతే హాల్లో దేవుడి దీపం దాకా వచ్చేస్తుంది. పైనున్న చిమ్నీకి ఆ సంగతే పట్టదు. అందుకని సిలిండరు పెరటి వసారాలోకి, గొట్టం గోడలోంచి లోపలికి. ఈ ఒక్క విషయంలోనే మావారూ నేనూ ఇంజనీరూ ముగ్గురం మారుమాట లేకుండా ఏకమయ్యాం.

ఇహ వాసన. పుస్తెలమ్మయినా పులస తినాలన్నారు గాని, పులస వండాక హాల్లో కర్టెన్లని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

వంటిళ్ళు అమ్మే కొట్టుకి కూడా వెళ్ళి వచ్చాం. అవును, ఇప్పుడు వంటిళ్ళు కూడా కొట్లో అమ్ముతున్నారు, బీరువాల్లాగా. అద్దంలా మెరిసే గట్టు మీద గాజు కూజా, కూజాలో పువ్వులు, పక్కన మూడు పచ్చి నిమ్మకాయలు. ఇడ్లీ కుక్కరు ఎక్కడ పెట్టుకోవాలమ్మా, ఆవకాయ జాడీ ఏ సొరుగులో పడుతుందమ్మా అని అడిగితే, ఆ అమ్మాయి కేటలాగు తిరగేసి, "అవి మీరు స్టోర్‌లో పెట్టుకుంటారు మేడమ్" అంది. మాకు స్టోరు లేదు. లేచి వచ్చేశాం.

ఈ ఓపెన్ వంటింటి రుచి నాకు తెలియంది కాదు. 2019లో డల్లాస్‌లో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలున్నాను. వాళ్ళింట్లో వంటిల్లూ హాలూ ఒకటే. మధ్యలో దీవిలాగా ఒక గట్టు, దాన్ని ఐలాండ్ అనే అంటారు. పొయ్యి పైన మైక్రోవేవ్, దాని అడుగున ఒక ఫ్యాను. అది పొగని బయటికి పంపదు, ఓ జల్లెడలోంచి తిప్పి మళ్ళీ మన మొహానే కొడుతుంది. మొదటిరోజు నేను పోపు పెట్టగానే కప్పుకున్న పొగ గంట కుయ్యోమంది. మనవడు చెవులు మూసుకున్నాడు, అల్లుడు తువ్వాలు పుచ్చుకుని దానికి విసిరాడు. అందుకని అక్కడ మనవాళ్ళు చాలామంది ఏం చేస్తారో తెలుసా? ఆ అందమైన వంటిల్లు అలా ఉంచేసి, కారు షెడ్డులో ఇంకో పొయ్యి పెట్టుకుంటారు. చేపలూ వేపుళ్ళూ అప్పడాలూ అన్నీ కారు పక్కనే. అంత ఇంట్లో, షెడ్డులో పీట వేసుకుని నేను గారెలు వేశాను.

అయినా సరే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ నాలుగు నెలలూ నాకు వంట బరువనిపించలేదు. నేను కూర తరుగుతుంటే గట్టుకి అవతల మనవడు లెక్కలు చేసుకునేవాడు. అమ్మాయి కంప్యూటరు ముందేసుకుని మధ్యమధ్య కబుర్లు చెప్పేది. అల్లుడు ఊరికే కూచుంటే బాగుండదని కాబోలు, తనూ ఒక కత్తి పుచ్చుకునేవాడు. కళ్ళెదుట మనిషి పని చేస్తుంటే సోఫాలో కాళ్ళు చాపుకోవడం మగవాడికైనా కష్టమేను. పెళ్ళయిన 38 ఏళ్ళకి మొదటిసారి, నేను వంట చేసుకుంటుండగా ఎవరో నా మొహం చూసి మాట్లాడారు.

అందుకే చుక్కల గీత చూసినప్పుడు పైకి సణిగినా లోలోపల నాకూ ఆశ పుట్టింది. పునాదులు లేచి, ఇసక నింపి చదును చేశాక ఒక సాయంత్రం స్థలానికి వెళ్ళాం. మేస్త్రీ సున్నంతో గదుల గీతలు పోసి ఉంచాడు. మావారిని హాల్లో సోఫా వచ్చేచోట ప్లాస్టిక్ కుర్చీ వేసి కూచోమన్నాను. నేను పోయి పొయ్యి వచ్చేచోట తూర్పు మొహంగా నిలబడ్డాను. లేని మూకుట్లో లేని గరిటె తిప్పుతూ, "కనబడుతున్నానా?" అన్నాను.

"శుభ్రంగా" అన్నారు.

"ఏం కనబడుతోంది?"

కాస్సేపు ఊరుకుని, "నీ వీపు" అన్నారు.

అదీ సంగతి. డల్లాస్‌లో గట్టు హాలు వైపు తిరిగి ఉంది. ఇక్కడ నేను తూర్పుకి తిరిగి ఉన్నాను, హాలు నాకు పడమట ఉంది. తీసేసింది హాల్లో కూచున్నవాళ్ళ గోడ. నా గోడ నా ముందే ఉంది. వాళ్ళకి నా మాసిన చీరా, చెమటా, సింకులో గిన్నెలూ అన్నీ కనబడతాయి, నాకు మాత్రం ఎవరి మొహమూ కనబడదు. వెనకాల ఎవరేం మాట్లాడినా కుక్కరు కూతలో సగం, చిమ్నీ మోతలో సగం పోతుంది. ఇంజనీరుతో అంటే, "ఫ్యామిలీతో ఇంటరాక్షన్ ఉంటుంది కదాంటీ" అన్నాడు. వీపుతో ఏం ఇంటరాక్షను నాయనా!

ఇంత చిన్న విషయానికి ఇంత రభసా అని మీకనిపించవచ్చు. మావారికీ అలాగే అనిపించింది. ఎంచేతంటే ఈ సంగతి నేను ఆయనతో కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మాది కోనసీమలో ఓ పల్లెటూరు. మా అమ్మ వంటిల్లు పెరట్లో, సావిడికి దూరంగా ఉండేది. నేలమీద కట్టెపొయ్యి, ఊదుగొట్టం, పొగచూరిన వాసాలు. 1974లో మా అక్కకి పెళ్ళిచూపులయ్యాయి. పెళ్ళివారు ముందు సావిట్లో కూచున్నారు. అమ్మ అరటికాయ బజ్జీలు వేస్తోంది. నాకప్పుడు 11 ఏళ్ళు, పళ్ళేలు అందించడం నా పని. పెళ్ళికొడుకు వదినగారు రెండుసార్లు పుట్టింటికి వచ్చేసిందనీ, పెద్దమనుషులు నచ్చజెప్పి పంపారనీ ఆ ఉదయమే చెరువు దగ్గర ఎవరో అమ్మ చెవిన వేశారు. అప్పటికే నాన్నగారు పెళ్ళివారిని దింపుకురావడానికి బస్సు దగ్గరికి వెళ్ళిపోయారు. ఎలాగైనా ఈ మాట ఆయనకి చెప్పాలని అమ్మ తాపత్రయం. నన్ను రెండుసార్లు పంపింది. మొదటిసారి వెళ్ళి నాన్నగారి కుర్చీ వెనక నిలబడి, "అమ్మ పిలుస్తోంది" అన్నాను. "వస్తున్నా, బజ్జీలు పంపమను" అన్నారు. రెండోసారి, "కాఫీలు పంపమను" అన్నారు. మూకుడు దింపేసి, చేతులు కడుక్కుని, కాఫీ పళ్ళెం తనే పట్టుకుని అమ్మ సావిడి గుమ్మం దాకా వచ్చేటప్పటికి తాంబూలాలు పుచ్చేసుకుంటున్నారు.

అక్క 1977లో ఒక ట్రంకు పెట్టెతో తిరిగి వచ్చేసింది. ఆ తరవాత కథ అక్కది, నేను రాయను. నాన్నగారు చెడ్డవారు కారు. ఆ మాట వింటే ఆగి ఉండేవారని కూడా నా నమ్మకం. అక్క వచ్చిన రాత్రి వంటింటి గుమ్మంలో నిలబడి, "నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?" అన్నారు అమ్మతో. అమ్మ జవాబు చెప్పలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

కనక చాదస్తమనుకుంటే అనుకోండి, నా ఇంట్లో నలుగురూ కూచుని ఏదైనా తేల్చుకునేటప్పుడు ఆ మాట నా చెవిన పడాలి. నేను వద్దంటే ఆ వద్దు నా మొహంలో వాళ్ళకి కనబడాలి.

ఇంజనీరుని మార్పులకి పంపి, ఈలోగా నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాను. చిన్న వంటిల్లు అనగానే అందరూ చెప్పే పేరొకటుంది. మార్గరెటె షూటె లిహోట్స్కీ అని ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు. 1926లో, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సామాన్య సంసారుల కోసం వేలకొద్దీ ఇళ్ళు కడుతుంటే, వాటికి వంటిల్లు గీసిందావిడ. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.44 మీటర్లు. మన లెక్కలో 70 చదరపు అడుగులు, మాదానికన్నా ఏడే ఎక్కువ. రైళ్ళలో భోజనాల పెట్టె ఉంటుందే, దాని వంటగదిని చూసి నేర్చుకుందిట. పంచదారలాంటివి వంపుకోడానికి మూతి ఉన్న అల్యూమినియం సొరుగులు, కిటికీ దగ్గర బల్ల, కూచుని తరుక్కోడానికి గుండ్రంగా తిరిగే స్టూలు. అలాంటి వంటిళ్ళు సుమారు పదివేలు కట్టారు. తమాషా ఏమిటంటే, అది గీసేనాటికి తను ఇల్లు నడిపిందీ లేదు, వంట వండిందీ లేదని తరవాత ఆవిడే చెప్పింది. ఇది మా ఇంజనీరుతో అనలేదు, మరీ ధైర్యం వస్తుందని. గట్టి మనిషి లెండి. హిట్లరు ప్రభుత్వాన్ని ఎదిరించి 1941 నుంచి 1945 దాకా జైల్లో ఉంది. 2000లో పోయేనాటికి 103 ఏళ్ళు నిండడానికి అయిదు రోజులే తక్కువ.

ఆ ప్లానులో నా వేలు ఒక్కచోట ఆగింది. ఆ వంటింటికీ ముందుగదికీ మధ్య పక్కకి జరిపే తలుపు పెట్టిందావిడ. తీస్తే, పని చేసుకుంటూనే అవతల పిల్లలు కనబడతారు. వేస్తే వాసనా ఆవిరీ ఇవతలే.

రాత్రి భోజనాల దగ్గర ఇది చెబుతుంటే, అత్తయ్యగారు మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఆ తలుపు వంటింట్లోంచి వేసుకోవచ్చునా?" అని అడిగారు.

"వేసుకోవచ్చు. ఏం అత్తయ్యా?"

"ఏమీ లేదే. ఇన్నేళ్ళ కాపరంలో నేను తలుపు వేసుకున్న గది అదొక్కటేగా. సావిడి ఊళ్ళోవాళ్ళది. పడగ్గది మీ మావగారిది. మూడోవాడు పోయినప్పుడు వారం తిరక్కుండానే వంట నాకే వచ్చింది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. అందరిముందూ ఏడిస్తే మీ మావగారు బెంబేలెత్తేవారు. తలుపు దగ్గరగా వేసుకుని పొయ్యి ముందు కూచునేదాన్ని. కళ్ళెర్రబడ్డాయేమంటే పొగ అనేదాన్ని." కాస్త ఆగి, "ఇప్పుడు పొగ కూడా ఉండదుట కదా" అన్నారు.

ఆ తమ్ముడు పోయేనాటికి మావారికి ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఏడవగా తను చూడలేదని ఇన్నాళ్ళూ ఒకింత గర్వంగా చెప్పుకునేవారు. ఆ రాత్రి చెయ్యి ఎండిపోతున్నా కంచం ముందునుంచి లేవలేదు.

నిజమేను. నా సంగతే చూసుకుంటే, నేనూ మా ఆడపడుచూ మగవాళ్ళని అనుకరించి పగలబడి నవ్వుకున్నది కూడా వంటింటి తలుపు వెనకాలే. హాల్లో అలా నవ్వితే కాపరాలు నిలుస్తాయీ?

చివరికి ప్లాను ఇలా కుదిరింది. తూర్పు గోడకి రెండడుగుల గట్టు, దానిమీద పొయ్యి, పైన చిమ్నీ. పడమట, హాలు పక్కన, ఇంకో రెండడుగుల గట్టు, పొడవు 6 అడుగులు, నా మొహం హాలు వైపు. తరగడం, వత్తడం, కడగడం అన్నీ దానిమీదే. రెండింటి మధ్యా నేను తిరగడానికి 3 అడుగులు. వాస్తుకేం లోటు రాలేదు, పొయ్యి దగ్గర తూర్పుకే తిరుగుతాను. ఒకరోజు గడియారం పెట్టుకుని చూశాను. పొద్దున్న టిఫినూ వంటా కలిపి రెండు గంటలు పడితే, అచ్చంగా పొయ్యి ఎదుట నిలబడింది 40 నిమిషాలే. మిగతా 80 నిమిషాలు నేను పడమరకి తిరిగితే ఏ దేవుడూ కోప్పడడు.

పడమటి గట్టుకి హాలు వైపున 42 అంగుళాల పిట్టగోడ. గట్టు 32 అంగుళాలే కనక అంట్ల గిన్నెలు పదంగుళాల లోతున దాక్కుంటాయి, మొహం మాత్రం పైన ఉంటుంది. ఆ 32 దగ్గర మేస్త్రీతో ఓ పూట పేచీ. ఎక్కడైనా 34 వేస్తాడుట. నేను అయిదడుగుల మనిషిని. మోచెయ్యి మడిచి నిలబడి, దానికి అయిదంగుళాలు కిందికి టేపు పట్టించాను. "పొయ్యి గట్టు ఇంకో రెండంగుళాలు దించు, పొయ్యి ఎత్తు మళ్ళీ కలుస్తుంది" అంటే, "లెవెలు తప్పుద్ది అమ్మగారూ" అన్నాడు. "రెండు గట్లూ వేరువేరుగా ఉంటే లెవెలేమిటయ్యా?" అన్నాను. తల గోక్కుని వెళ్ళి దించాడు. మీరెవరైనా కట్టుకుంటుంటే ఇది మాత్రం మర్చిపోకండి, నడుము మనది, మేస్త్రీది కాదు.

పిట్టగోడ మీద అద్దాల తలుపులు, పక్కకి జరిపేవి. నడిచే దారికీ అలాంటిదే ఒకటి. పెరటి వసారాలో గిన్నెలు తోమే గట్టూ, ఒక ఒంటిపొయ్యీ. అది డల్లాస్ కారు షెడ్డు ప్రసాదం, పులస అక్కడే. ఫ్రిజ్జుకి లోపల చోటు చాలక హాల్లోకి వచ్చింది. గోడ మీద మిగిలిందని మావారు లెక్కవేసుకున్న డబ్బు, దానికి ఇంకో అంత, అద్దాలకి పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు.

నిన్న వడ్రంగి కొలతలకి వచ్చాడు. అద్దాలు నున్నటివి వెయ్యనా, గరుకువి వెయ్యనా అన్నాడు. గరుకుదైతే అవతల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గాని ఏం చేస్తోందో తెలియదుట. అత్తయ్యగారు కుర్చీలోంచే, "గరుకువే వెయ్యి నాయనా" అన్నారు. గడియ ఎటు బిగించాలని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మావారు లేచి, సున్నం గీత దాటి వంటింటి వైపుకి వెళ్ళి నిలబడి, గాలిలోనే చెయ్యి పెట్టి చోటు చూపించారు.

"ఇక్కడ. మా అమ్మకి అందాలి."